బుడమేరు బురదలోంచి నా బూట్లు తీసినవాళ్లకి

2024 నవంబర్ 14న విజయవాడ కృష్ణలంకలో ఒక హైస్కూల్లో మళ్లీ మైకు పట్టుకున్నాను. ఆగస్టు చివర్లో బుడమేరు వాగు పొంగి మా ఇల్లు ముంచిన వరద తర్వాత అదే మొదటిసారి. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఎవరెవరికి బాకీ ఉన్నానో లెక్కేసుకుంటూ ఉండగానే తెల్లారిపోయింది. తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి థాంక్స్ చెప్పొచ్చాను. కొందరి పేర్లు కూడా నాకు తెలీదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నన్ను ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది విజయవాడ సింగ్ నగర్. నాన్న ఆటో నడుపుతారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు నాకు 12 ఏళ్లు. పూర్ణకి అప్పటికి 14 కూడా నిండలేదు. టీవీలో ఆ అమ్మాయిని చూసి "నేనూ ఎక్కుతానమ్మా" అంటే, మా అమ్మ బియ్యం ఏరుతూ "ముందు దుర్గమ్మ మెట్లు ఆగకుండా ఎక్కు, చూద్దాం" అంది. ఎక్కాను. తర్వాత గాంధీ కొండ, ఆ తర్వాత వీపున పది కేజీల బియ్యం కట్టుకుని కొండపల్లి కోట. అలా అలా 2023 జనవరిలో ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ దాకా వెళ్లాను. ఖర్చులో సగానికి పైగా నాన్న ఆటో స్టాండు వాళ్లూ, కాలేజీ వాళ్లూ తలా కాస్త వేసుకున్నదే. తిరిగొచ్చాక బళ్లలో, రక్తదాన శిబిరాల్లో, తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసేమియా పిల్లల కోసం పెట్టే కార్యక్రమాల్లో నాలుగు మాటలు చెప్పమని పిలవడం మొదలుపెట్టారు.

శిఖరం నేను అందుకోలేదు, అది కూడా స్టేజీ మీద దాచకుండా చెబుతాను. కిలిమంజారో కొస ఉహురు శిఖరం 5,895 మీటర్లు. దానికి కాస్త కింద స్టెల్లా పాయింట్ 5,756. అక్కడ గైడు మూడు వేళ్లు చూపించి ఎన్ని అంటే నేను ఐదన్నానట. ఆ ఎత్తుకి బుర్ర పనిచెయ్యడం లేదన్నమాట, కాళ్లు కూడా తడబడుతున్నాయి. ఇంకో మాట లేకుండా నన్ను కిందికి తిప్పేశాడు. మిగిలింది 139 మీటర్లు. స్టెల్లా పాయింట్ దాకా వచ్చినట్టు సర్టిఫికెట్ ఇచ్చారు, అదే ఫ్రేము కట్టించాం.

ఇక ఆగస్టు 31 రాత్రి సంగతి. ఒకటే వాన. మేం కింద వాటాలో ఉంటాం, ఓనర్లు మేడ మీద. ఎదురింటి మామయ్య వచ్చి "సామాను పైకెక్కించండమ్మా" అన్నారు. "తెల్లారేసరికి తగ్గుతుందిలే మామయ్యా" అన్నది ఎవరో కాదు, నేనే. 'కష్టం రాకముందే సిద్ధంగా ఉండాలి' అని పిల్లలకి అరగంట చెప్పే మనిషిని! ఆదివారం పొద్దున లేచేసరికి మంచం కింద చెప్పులు తేలుతున్నాయి. మధ్యాహ్నానికి కిటికీ సగం మునిగింది. కృష్ణే నిండుగా ఉంటే బుడమేరు నీళ్లు ఎటు పోతాయి? మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అని మేడ మీద ఎవరి ఫోన్లోనో విన్నాం. అప్పటికి నా ట్రంకు పెట్టె, ల్యాప్‌టాప్, చలికోటు, బూట్లు, ఫ్రేములో సర్టిఫికెట్ అన్నీ నీళ్ల కింద.

డ్రోన్లతో పొట్లాలు వేశారు, హెలికాప్టర్లు తిరిగాయి. మా సందు నిండా కరెంటు తీగలు, మా దాకా ఏదీ దిగలేదు. మా దాకా వచ్చింది ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్రాక్టర్ ట్యూబు. ఫ్లైఓవర్ దగ్గర పంచుతున్న పాల ప్యాకెట్లూ, ఒక స్టీలు క్యాన్ నిండా సాంబారన్నమూ నెత్తిన పెట్టుకుని, పీకల్లోతు నీళ్లలో అడుగు తడిమి తడిమి వేసుకుంటూ వచ్చారు. ఒకడు మా మామ్మకి క్యాన్ అందిస్తూ "జాగ్రత్త మామ్మా, వేడిగా ఉంది" అన్నాడు. ఆ నీళ్లలో వాడి ఒళ్లు వణుకుతోంది.

వాడి నడక చూస్తుంటే నాకు కిలిమంజారో మీది బరాఫు క్యాంపు గుర్తొచ్చింది. బరాఫు అంటే స్వాహిలీలో మంచుగడ్డ, మన హైదరాబాదోళ్ల బరఫ్ లాగానే. అక్కడికి నా గుడారం, నా తిండి, నేను తాగే నీళ్లు నేను మోసుకెళ్లలేదు. మోసినవాళ్లు పోర్టర్లు, ఒక్కొక్కరి నెత్తిన 20 కేజీల దాకా బరువు. నేను చిన్న సంచీతో ఆయాసపడుతుంటే నన్ను దాటుకుంటూ వెళ్లి, నేను చేరేసరికి గుడారం వేసి టీ కాచి పెట్టేవాళ్లు. ఏడాదిన్నర పాటు ఎన్నో బళ్లలో మాట్లాడాను. ఒక్కచోట కూడా వాళ్ల ఊసెత్తలేదు. మరిచిపోయి కాదు. చెబితే నా కథ చిన్నదవుతుందని ఎక్కడో ఉండేది.

నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధి కడిగాయి, ఇల్లు మేం కడుక్కున్నాం. తలసేమియా కార్యక్రమాలు చేసే అన్నయ్యలు బియ్యం, బ్లీచింగ్ పౌడరు తెచ్చి, అడక్కుండానే చీపుళ్లు పట్టుకున్నారు. ట్రంకు పెట్టె తెరిస్తే చలికోటులో ఈకలన్నీ ముద్దకట్టి, తడిసిన కోడిలా ఉంది. పారేద్దామనుకున్నా. వెనక వీధిలో దిండ్లు కుట్టే పిన్ని లాక్కుంది. "దూదైతే ఏంటి, ఈకైతే ఏంటి, విడదీస్తే విడుతుంది" అని మేడ మీద నీడలో వేసి, నాలుగు రోజులు గడి గడీ వేళ్లతో నులుముతూ కూర్చుంది. ముందున్నంత బొద్దుగా లేదు కానీ కోటులాగే ఉంది.

బూట్ల కథ వేరే. ఎడమ దాని అట్ట మొత్తం ఊడి నోరు తెరుచుకుంది. బీసెంట్ రోడ్డు దగ్గర చెట్టు కింద కూర్చునే తాతకి ఇచ్చాను. తిప్పి చూసి, వాసన చూసి, "ఎక్కడిదాకా వెళ్లొచ్చిందమ్మా ఇది?" అన్నాడు. ఆఫ్రికా అన్నాను. లోపలి బురద చెంచాతో గీకి, రెండు వైపులా సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నాకో టీ ఇప్పించి, సుత్తితో కొట్టి, చుట్టూ తెల్ల దారంతో కుట్టాడు. నల్ల దారం అయిపోయిందట. "బెంజి సర్కిల్ దాకా నా గ్యారంటీ. ఆఫ్రికా అయితే నీ ఇష్టం" అన్నాడు. సొల్యూషన్ డబ్బులే తీసుకున్నాడు.

ల్యాప్‌టాప్ మాత్రం పోయింది, అందులో కొండ ఫొటోలన్నీ పోయాయి. ఇక్కడ నేను ఒకరికి క్షమాపణ కూడా చెప్పాలి. గుంటూరులో ఒక బడి పీఈటీ సార్, నేను మాట్లాడిన రోజు నన్ను అడక్కుండా ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. ఆరోజు పైకి నవ్వాను, లోపల మాత్రం 'ఈయనకేం హక్కు' అని తిట్టుకున్నాను. ఆయనే సెప్టెంబర్ చివర్లో ఓ ఆదివారం బస్సెక్కి వచ్చి, ఆ పెన్‌డ్రైవ్ పసుపు రాసిన కవరులో పెట్టి మా అమ్మ చేతికిచ్చి, నేను ఇంట్లో లేకపోతే మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. సార్, ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను.

అందులో ఒక ఫొటో ఉందని నాకే గుర్తులేదు. బరాఫులో పోర్టర్లంతా వరసగా నిలబడి ఉన్నారు. అంచున నా మోచెయ్యి కనిపిస్తోంది. కృష్ణలంకలో మొదట ఆ ఫొటోనే వేశాను. ట్యూబు కుర్రాళ్ల గురించి, పిన్ని గురించి కూడా చెప్పాను. తెల్ల దారం బూటు పైకెత్తి చూపిస్తే పిల్లలు ఒకటే నవ్వు. చివర్లో ఏడో తరగతి పిల్ల లేచి "అక్కా, మీకు సర్టిఫికెట్ ఇచ్చారు కదా, మరి సామాను మోసినవాళ్లకి ఇచ్చారా?" అంది. లేదన్నాను. "మీరివ్వొచ్చు కదా" అని కూర్చుంది. హెడ్మాస్టరు గారు చప్పట్లు కొట్టించారు, నాకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.

ఈ సందర్భంలోనే ఒక మనవి. సాంబారన్నం వచ్చిన ఆ స్టీలు క్యాన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆ కుర్రాళ్లు మళ్లీ కనబడలేదు. మూత మీద కొట్టించిన పేరు అరిగిపోయి చివరి 'మ్మ' ఒక్కటే మిగిలింది, పిడికి ఎర్ర తాడు కట్టి ఉంది. మా అమ్మ చింతపండు పెట్టి తళతళా తోమి ఉంచింది. ఖాళీ క్యాన్ తిరిగివ్వకూడదని అందులో ఏం పోసివ్వాలో రోజుకో మాట మారుస్తోంది. ఎవరిదైనా గుర్తుపడితే సింగ్ నగర్ ఆటో స్టాండులో నాన్నకి ఒక్క మాట చెప్పండి.