నాగులచవితి పేజీలోనే పాముకాటు సంగతీ వేయండి

సంపాదకులకు నమస్కారాలు.

విజ్ఞానశాస్త్రం, దైవవిశ్వాసం ఒకే మనిషిలో ఇమడగలవా అన్న విషయంపై కొన్ని వారాలుగా మీ ఆదివారం పేజీలో పాఠకుల లేఖలు వస్తున్నాయి. దేవుణ్ణి నమ్మేవారికి శాస్త్రీయ దృష్టి అబ్బదని కొందరు తేల్చేశారు. నేటి శాస్త్రం కనిపెట్టినదంతా మన పురాణాల్లో ముందే ఉందని, కనుక పేచీయే లేదని మరికొందరు రాశారు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. నాగులచవితికి ఉపవాసం ఉండి పుట్ట దగ్గర దీపం పెట్టే మనిషిని కూడా. ఈ రెండు వాదనల్లో ఏదీ నా వార్డులో రోజూ జరిగేదానికి సరిపోవడం లేదు గనుక ఈ లేఖ రాస్తున్నాను.

వరినాట్లు మొదలైనది లగాయతు కోతలు ముగిసేదాకా మాకు పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. చాలామందికి కాటుకు పైన తాడో చీరచెంగో బిగించి కట్టి ఉంటుంది, గాయం మీద పసుపు, వేపాకు ముద్ద అంటించి ఉంటుంది, నుదుట గుణియా, అంటే ఊరి మంత్రవైద్యుడు, పెట్టిన విభూతి కనిపిస్తుంది. రక్తపింజరి కరిచిందన్న అనుమానం ఉన్నప్పుడు మేము చేసే పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు. రోగి నరం నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజుగొట్టంలో పోసి, కదల్చకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టి, ఆ తరువాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం నీళ్లలా జారిందంటే విషం ఒంట్లోకి ఎక్కి, రక్తానికి గడ్డకట్టే గుణం పోగొట్టిందన్నమాట. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బునీళ్లతో కడిగినదైనా ఫలితం నమ్మడానికి వీల్లేదు.

ఆ ఇరవై నిమిషాలూ రోగి తల్లో భార్యో గోడకు ఆనుకుని కూర్చుని ఊరి దేవత ఠాకురాణినో, వేంకటేశ్వరస్వామినో, ఏసుప్రభువునో తలుచుకుంటూ ఉంటుంది. ఆమెను ఆపవలసిన అవసరం నాకు ఏనాడూ కనిపించలేదు. భయంతో వణికే మనిషికి ఆ ప్రార్థన నిలదొక్కుకునే బలం ఇస్తుంది, రోగి పక్కన స్థిమితంగా ఉన్న మనిషి మాకూ కావాలి. గొట్టం వంచినప్పుడు కనిపించినదాన్ని ఆమె ఒప్పుకోవాలి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఎక్కించడానికి సరేననాలి. నేను ఆమె నుంచి కోరేది అంతే. పరీక్షించి తేల్చగల విషయంలో పరీక్ష ఏం చెబితే దానికి కట్టుబడడం, అది మనసుకు నచ్చకపోయినా సరే కట్టుబడడం, విశ్వాసం నుంచి విజ్ఞానం అడగవలసిన ఒకే ఒక్క షరతు అని నా అభిప్రాయం.

ఈ షరతు తప్పినప్పుడు ఏమవుతుందో కట్లపాము కాటులో కనిపిస్తుంది. ఆ పాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు ఉండీ ఉండనట్టుంటాయి, కాటు గుర్తు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం మొదలవుతాయి. ఈ విషం నరాల మీద పనిచేస్తుంది కాబట్టి గాజుగొట్టంలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, మేము కనురెప్పలనూ ఊపిరినీ గమనించవలసి ఉంటుంది. పాము కనబడలేదు, గాయం కనబడలేదు, మనిషి మాత్రం మాట పడిపోయి మూలుగుతున్నాడు. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకడమనో, చిల్లంగి (చేతబడి) అనో అనుకుని, ఎవరు పెట్టారో తేల్చమని గుణియా ముందు కూర్చుంటారు. ఊపిరితిత్తులు పనిచేయడం మానేలోగా ఆసుపత్రి చేరవలసిన గంటలు అక్కడే కరిగిపోతాయి. అంతటితో ఆగక వేలు పొరుగింటి ముసలమ్మ వైపు తిరిగితే ఆమె ప్రాణానికీ ముప్పే. చిల్లంగి నెపంతో ఆడవాళ్లను వేధించి చంపడాన్ని అడ్డుకోవడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

మంత్రంతో బతికారన్న మాట అబద్ధం కాదు కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, బతికినవారు ఉన్నారు. మన పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువ జాతులకు విషం లేదు. విషసర్పం కూడా కొన్నిసార్లు కోర దించి విషం వదలకుండా పోతుంది. అటువంటి రోగి మంత్రం వేసినా వేయకున్నా బతుకుతాడు, ఊరికి మాత్రం మంత్రమే గుర్తుంటుంది. చనిపోయినవాడి విషయంలో ఆలస్యంగా తెచ్చారనో, మైల తగిలిందనో సర్దిచెప్పుకుంటారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరాలంటే గుణియాను తిట్టి ప్రయోజనం లేదు, ఆయన చేత రోగిని ఆసుపత్రికి పంపించుకోవాలి.

మా పరిధిలోని ఒక వృద్ధ గుణియాను మా డాక్టరు గారు పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడారు. మంత్రం మానమని అనలేదు. "తాతా, మంత్రం దారిలో వేయండి, బండి మీద కూర్చునే వేయండి. కట్టు మాత్రం కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు" అన్నారు. ఇప్పుడు ఆయన రోగిని మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక తాను పట్టుకుని తీసుకువస్తారు. గేటు దగ్గర మంత్రం ముగించి మాకు అప్పగిస్తారు. ఊళ్లో ఆయన మర్యాద ఇసుమంతైనా తగ్గలేదు, పెరిగిందనే అంటాను. మేమిచ్చే మందు కథ కూడా ఇక్కడ చెప్పదగినదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను కొద్ది కొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో ఆ మందు చేస్తారు. అందుకు కావలసిన విషంలో పెద్ద భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన, ఇరుళ అనే గిరిజన తెగకు చెందిన పాములవారి సహకార సంఘం నుంచి వస్తుంది. ఆ ఇరుళలు నాగుపాముతో ముడిపడిన కన్నియమ్మ అనే దేవతను కొలుస్తారు. దేవతగా కొలిచే పాము కోరల నుంచే విషం పిండి ఇస్తున్నారు, దానివల్ల వారి భక్తికి లోటు వచ్చిందని ఎవరూ అనలేరు.

అన్నీ ముందే మన గ్రంథాల్లో ఉన్నాయనేవారికి నేను ఒడిశా మనిషినే చూపిస్తాను. ఖండపడ రాజవంశంలో 1835లో పుట్టి, పఠాణి సామంతగా ప్రజలు పిలుచుకున్న సామంత చంద్రశేఖరులు నిష్ఠ గల జగన్నాథ భక్తులు. చిన్న వయసులోనే ఆయన ఒక సంగతి గమనించారు: పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల లెక్క ప్రకారం ఫలానా వేళకు ఫలానా చోట ఉండవలసిన గ్రహం ఆకాశంలో అక్కడ లేదు. గ్రంథం మీద గౌరవంతో కళ్లు మూసుకోలేదు. దుర్భిణి లేకుండా, వెదురు బద్దలతో, కర్రలతో తానే చేసుకున్న పరికరాలతో ఏళ్ల తరబడి కొలిచి, లెక్కలను సవరించి, తాళపత్రాలపై సంస్కృత శ్లోకాల్లో ‘సిద్ధాంత దర్పణం’ రాశారు. అది 1899లో అచ్చయింది. పూరీ ఆలయంలో సేవల వేళలు ఆయన సవరించిన గణితం ప్రకారమే నిర్ణయిస్తారు. స్వామివారి సేవ సరైన ఘడియలో జరగాలన్న తపనే ఆయన్ని రాత్రుళ్లు ఆకాశం కిందికి పంపింది. ఆకాశంలో కనిపించినదే ఆయన పంచాంగాన్ని దిద్దింది. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయని ఆయన భావించారు. అది సరికాదని ఇవాళ బడిపిల్లలకూ తెలుసు. దానివల్ల ఆయన ఘనత తగ్గదు. అంతా పూర్వులే చెప్పేశారని ఆయన కూడా అనుకుని ఉంటే ఆ కొలతలు పుట్టేవే కావు, కనుక పురాణాల్లో అన్నీ ఉన్నాయనే వాదం శాస్త్రానికే కాదు, ఆయన వంటి భక్తుడికీ అన్యాయం చేస్తుంది.

ఇటువంటి జాగ్రత్త ఇతర మతాల్లోనూ ఉంది. విశ్వం విస్తరిస్తోందని 1927లో సిద్ధాంతీకరించిన బెల్జియం శాస్త్రవేత్త జార్జ్ లెమైత్ర్ కాథలిక్ మతగురువు. 1951లో పోప్ ఈ కొత్త శాస్త్రాన్ని బైబిలులోని సృష్టి వాక్యానికి సాక్ష్యంగా చూపబోతే లెమైత్ర్ సంతోషించక ఇబ్బంది పడ్డారు. ఆ సిద్ధాంతం మతప్రశ్నలకు పూర్తిగా వెలుపలిదని తరువాత స్పష్టంగా చెప్పారు.

జగన్నాథుని దగ్గరే ఇంకొక మాట. స్నానపూర్ణిమ తరువాత స్వామివారికి జ్వరం వచ్చిందని భావించి, దాదాపు పక్షం రోజులు దర్శనాలు ఆపి, మూలికలతో వైద్యం చేసే అనసర సంప్రదాయం మనందరికీ తెలిసినదే. 2020లో కొవిడ్ వేళ సుప్రీంకోర్టు రథయాత్రను మొదట ఆపి, తరువాత జూన్ 22న షరతులతో అనుమతించింది: ఒక్కో రథాన్ని లాగేవారు 500 మందికి మించరాదు, వారందరికీ పరీక్ష చేయాలి, రథానికీ రథానికీ మధ్య గంట వ్యవధి ఉండాలి. పూరీలో కర్ఫ్యూ పెట్టి, భక్తజనం లేకుండానే మర్నాడు యాత్ర జరిపారు. పర్లాకిమిడి, బరంపురం ఇళ్లలో జనం టీవీలోనే దర్శనం చేసుకున్నారు. జ్వరపడిన దేవుణ్ణే విడిగా ఉంచే సంప్రదాయం ఉన్న భక్తులకు ఆ నిబంధన అర్థం కావడం కష్టం కాలేదని నేను నమ్ముతున్నాను.

హేతువాద మిత్రులకు కూడా నా మనవి ఒకటి ఉంది. 2022 నవంబరు 8న చంద్రగ్రహణ సమయంలో భువనేశ్వర్‌లో కొందరు బిర్యానీ విందు పెట్టడం, దానిపై ఘర్షణ జరగడం మీరు ప్రచురించే ఉంటారు. గ్రహణంలో తింటే హాని లేదన్నది సత్యం. షుగరు ఉన్నవారినీ, నెలలు నిండిన గర్భిణినీ గంటల తరబడి పస్తు ఉంచడం ప్రమాదమని నేనూ ప్రతి గ్రహణానికీ చెబుతాను. విందు పెట్టినవారి మీద దాడికి దిగడం నేరం, అందులో రెండో మాట లేదు. అయినా, ఆ విందు చూసి ఒక్క గర్భిణి అయినా అన్నం తిన్నదా? మా ఆశా కార్యకర్త పట్టువిడుపులు తెలిసిన మనిషి. గ్రహణం ముందురోజు ఇంటింటికీ వెళ్లి, "అమ్మా, జపం చేసుకో, మధ్యలో పాలు, పండు తీసుకో, బిడ్డకు ఆకలి వేస్తుంది" అని చెబుతుంది. తింటున్నారు.

సర్దుబాటుకు తావు లేని చోటు కూడా ఉంది. 2025 మార్చిలో నవరంగపూర్ జిల్లాలో నెల రోజుల పసికందుకు జ్వరం తగ్గుతుందని కాల్చిన ఇనుముతో నలభై దాకా వాతలు పెట్టారు. మా వైపు కూడా కడుపు ఉబ్బిన బిడ్డకు వాతలు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఇక్కడ సంప్రదాయం పేరుతో ఎవరు అడ్డుపడినా ఒప్పుకోకూడదు. మన రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే, ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని తొలి వాక్యంలోనే రాసింది. 1976లో చేర్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుల విధి అంది. ఈ రెండూ ఒకే రాజ్యాంగంలో ఉన్నాయి, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టవలసిన పని లేదు.

చివరగా మీ పత్రికకు ఒక అభ్యర్థన. ఏటా కార్తీకంలో మీరు నాగులచవితి పూజావిధానం, ముహూర్తం ప్రచురిస్తారు. మా ఊళ్లలో ఆ పేజీని కత్తిరించి దాచుకుంటారు. అదే పేజీలో, పూజావిధానం పక్కనే, పాము కరిస్తే చేయవలసినవి నాలుగు వాక్యాల్లో వేయండి: కరిచిన కాలినో చేతినో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద ఆనించి కదలకుండా ఉంచాలని, బిగించి కట్టరాదని, కోయడం, పీల్చడం చేయరాదని, 108కి ఫోను చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలని. సరిహద్దుకు అటూ ఇటూ ఆ మందు నిల్వ ఉండే ఆసుపత్రుల పేర్లు కూడా ఇస్తే మరీ మేలు. ఒడిశా ఆసుపత్రుల్లో బోర్డులు ఎక్కువగా ఒడియాలో ఉంటాయి, మా వైపు తెలుగు పెద్దలకు అవి చదవడం రాదు; పాతపట్నం దగ్గరో, పర్లాకిమిడి దగ్గరో తెలియక అర్ధరాత్రి తప్పు దారి పట్టిన కుటుంబాలను నేను చూశాను. రెండు జిల్లాల ఆరోగ్యశాఖల నుంచి వివరాలు మీరు తెప్పిస్తే, వాటిని పల్లె జనానికి అర్థమయ్యే తెలుగులో రాసి ఇవ్వడానికి నేనూ మా డాక్టరు గారూ సిద్ధంగా ఉన్నాము.

భవదీయురాలు,
ఒక స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా