సంఘ పెద్దవైన నా మిత్రునికి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

ప్రియ మిత్రమా,

ప్రభువు నామంలో నీకూ, చెల్లెమ్మకూ, పిల్లలకూ వందనాలు. నిన్ను మీ సంఘంలో పెద్దగా ఎన్నుకున్నారన్న కబురు నీ ఉత్తరం కంటే ముందే మీ వదిన ఫోనుకు చేరింది కాబట్టి, కొత్తగా విన్నట్టు నటించను. కానీ ఉత్తరం చివర నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను: “అన్నా, పని ఎలా చేయాలో నేర్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు గానీ, లోపల ఎలా ఉండాలో ఎవరూ చెప్పడం లేదు.” నీ కంటే మూడేళ్లు పెద్దవాణ్ణన్న మాటే గానీ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే యోగ్యత నాకుందని అనుకోకు. అయినా అడిగావు కాబట్టి, దెబ్బతిని నేర్చుకున్నంత మేరకు రాస్తాను.

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం ఈపాటికి పదిసార్లు చదివే ఉంటావు. ఈసారి పెన్సిలు పట్టుకుని, అధ్యక్షుడిలో, అంటే సంఘ పెద్దలో, పౌలు కోరిన వాటిలో నేర్పు ఏది, స్వభావం ఏది అని విడదీసి చూడు. నిందారహితుడు, మితానుభవుడు, స్వస్థబుద్ధి గలవాడు, మర్యాదస్థుడు, అతిథిప్రియుడు, సాత్వికుడు, జగడమాడనివాడు, ధనాపేక్ష లేనివాడు అని సాగే ఆ వరుసలో నేర్పు అనదగినది నాకు కనిపించినంతలో ‘బోధింపతగినవాడు’ అన్న ఒక్క మాటే. పాట ఎత్తుకోగలగాలని గానీ, లెక్కల పుస్తకం రాయగలగాలని గానీ, మైకు పట్టుకుంటే జనం కదలకుండా వినాలని గానీ ఆయన అడగలేదు. మన సంఘాల్లో పెద్దలను ఎన్నుకునేటప్పుడు ముందు చూసేవి అవే కావడం వేరే కథ. ఇప్పుడు ఎత్తుకుంటే తెల్లవారుతుంది.

మరి ఆ స్వభావం ఎలా వస్తుంది? గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు శరీరానికి సంబంధించిన వాటిని ‘కార్యములు’ అని బహువచనంలో చెప్పి, ప్రేమ, సంతోషం, సమాధానం మొదలుకొని ఆశానిగ్రహం వరకు తొమ్మిదింటినీ కలిపి ‘ఆత్మ ఫలము’ అని ఏకవచనంలో చెప్పాడు. నాకు ప్రేమ దండిగా ఉంది, ఆశానిగ్రహం మాత్రం కాస్త తక్కువ అని చెప్పుకోవడానికి వీల్లేదన్నమాట. బత్తాయి కొనేవాడు తొనలు ఏరుకుని కొనడు కదా. పైగా కార్యం మనం చేసేది, ఫలం కాసేది. కాసేదానికి కాలం పడుతుంది, ఆ కాలం పట్టనివ్వడమే మనకు చేతకాదు.

మొన్న వేసవిలో మా వీధి చివర బండి మీద బంగినపల్లి పళ్లు బంగారంలా మెరుస్తుంటే రెండు కిలోలు తెచ్చాను. మీ వదిన కోస్తే, తోలు పచ్చగా ఉంది గానీ టెంక దగ్గర తెల్లగా, గట్టిగా, నోట్లో పెడితే పళ్లు పులిసేంత పుల్లగా ఉంది. కార్బైడు పెట్టి పండించినవి. పళ్ల పెట్టెలో చిన్న పొట్లం పెడితే తేమ తగిలి ఎసిటిలిన్ వాయువు పుడుతుంది, కండ పండకముందే తోలుకు రంగు వచ్చేస్తుంది. ప్రభుత్వం నిషేధించినా ఈ పద్ధతి పోలేదు. మా నాయనమ్మ అయితే కాయలను వరిగడ్డిలో మాగబెట్టి, రోజూ ఒకసారి తిరగేసి, బొటనవేలితో నొక్కి చూసే పిల్లల చేతి మీద ఒక్కటి వేసేది. రక్షణ పొందిన మొదటి ఏడాదిలోనే నాకు ఆ పొట్లం దొరికింది. ప్రార్థనలో గొంతు ఎక్కడ వణకాలో, సాక్ష్యంలో ఎక్కడ ఆగాలో, ‘ప్రైజ్ ది లార్డ్’ ఎంత మెత్తగా అనాలో అన్నీ వచ్చేశాయి. రంగు బాగానే తిరిగింది. టెంక దగ్గర ఎలా ఉందో తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. ఏడాది దాటింది. ఆ ఆదివారం ఆరాధనలో వాక్యపఠనం నాదే. చదివిన భాగం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం, ప్రేమ దీర్ఘకాలం సహిస్తుందన్న అధ్యాయం. ముగించుకుని బయటికి వస్తే నా స్కూటరు ముందు ఎవరిదో కారు అడ్డంగా నిలిపి ఉంది. మే నెల ఎండ, ఇంటి నిండా చుట్టాలు, దారిలో మటన్ తీసుకుని వెళ్లాలి. కారు పెట్టిన మనిషి కనపడలేదు, వాచ్‌మన్ కనపడ్డాడు. డెబ్బయ్యేళ్లు దాటిన ఆ ముసలాయన మీద నోటికి వచ్చిందంతా కుమ్మరించాను. ‘జీతం దేనికి ఇస్తున్నాం నీకు’ అనేదాకా వెళ్లాను. ఆ ఊపులో చంకలో ఉన్న బైబిలు సంచి జారి మట్టిలో పడింది. ఆయన వంగి దాన్ని తీసి, భుజం మీది తువ్వాలుతో అటూ ఇటూ దుమ్ము తుడిచి, రెండు చేతులతో నాకు అందించాడు. మారు మాట అనలేదు. ఆయన క్రైస్తవుడు కూడా కాదు, మణికట్టుకు ఎర్రదారం కట్టుకుంటాడు. పదమూడో అధ్యాయం ఆ సంచిలోనే ఉంది.

నిర్గమకాండం 34వ అధ్యాయంలో దేవుడు మోషే ఎదుట తన స్వభావాన్ని తానే ప్రకటించుకున్నప్పుడు దీర్ఘశాంతము గలవాడనని చెప్పుకున్నాడు. అక్కడి హెబ్రీ మాటను ఉన్నదున్నట్టు తెనిగిస్తే ‘పొడుగు ముక్కువాడు’ అని వస్తుందట. హెబ్రీలో ముక్కుకూ కోపానికీ ఒకటే మాట. కోపం వస్తే ముక్కు మండుతుందని వాళ్ల లెక్క, ముక్కు పొడుగైతే మంట పైకి రావడానికి ఆలస్యం అవుతుందని కాబోలు. మనమేమో కోపం ముక్కు మీదే ఉంటుందంటాం. ఎక్కడి ఇశ్రాయేలు, ఎక్కడి సికింద్రాబాద్, ఇద్దరికీ కోపం కాపురం ముక్కు మీదే పెట్టింది. దేవుడికి పొడుగైన ముక్కు, నాకు చట్టి ముక్కు. ఆ ఆదివారం నుంచి నా ప్రార్థనలో దీర్ఘశాంతం అనే పెద్ద మాట తగ్గించి, ‘ప్రభువా, కాస్త ముక్కు పొడిగించు’ అనే అడుగుతున్నాను. నవ్వుకో, పరవాలేదు.

ఇక్కడ నువ్వు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. సాత్వికం అంటే ఎవరేమన్నా తల వంచుకుని ఊరుకోవడమేనా, సంఘంలో తప్పు జరుగుతుంటే పెద్ద నోరు మూసుకోవాలా అంటావు. దీని మీద నేను చాలా ఆలోచించాను. భూమి మీది వారందరిలో మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండం 12వ అధ్యాయం ఎవరిని గురించి చెప్పిందో చూడు: మోషేను గురించి. దూడను పూజిస్తున్న జనాన్ని చూసి చేతిలోని రాతి పలకలను కొండ కింద పగలగొట్టిన మనిషి ఆయనే. అదే మనిషి, సొంత అక్క మిర్యాము, అన్న అహరోను తన మీద నోరు పారేసుకున్నప్పుడు తన పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు. పైగా మిర్యాముకు కుష్ఠు సోకితే ఆమెను బాగుచేయమని దేవునికి మొరపెట్టాడు. మన ప్రభువు కూడా దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడద్రోశాడు, తన మీద నేరాలు మోపుతుంటే మాత్రం మౌనంగా నిలబడ్డాడు. కాబట్టి కోపం వచ్చిందా లేదా అని చూసుకునే ముందు అది ఎవరి కోసం వచ్చిందో చూసుకోమంటాను. మందిరం ముందు నాకు వచ్చిన కోపం నా స్కూటరు కోసం, నా మటన్ కోసం వచ్చింది. కారు ఆసామి ఎదురుపడి ఉంటే అంత గొంతు లేచేదా అంటే, లేచేది కాదు; అది ఇంకా సిగ్గు.

క్షమాపణ అడగడానికి వారం పట్టింది. నీ అర్పణ బలిపీఠం ఎదుట విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాట గుర్తొస్తూనే ఉంది. ఆయన సంఘస్థుడు కాడు కదా, సహోదరుడు ఎలా అవుతాడని నా లోపలి ప్లీడరు వాదిస్తూనే ఉన్నాడు. మరుసటి ఆదివారం కానుక సంచి మా వరుస దాకా వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లాను. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పోయిన వారం అన్న మాటలకు క్షమించమన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, “రోజు ఎవలో ఒకలు అంటనే ఉంటరు సారూ, మీరని నాకు యాదికి లేదు” అన్నాడు.

వారమంతా ఆ ఘట్టాన్ని నేను ఎన్ని విధాలుగా ఊహించుకున్నానో చెప్పలేను. ఆయన కంట తడి పెడతాడని, నా చెయ్యి పట్టుకుంటాడని కూడా అనుకున్నాను. ఆయనకు నేను గుర్తుకూడా లేను. దీనమనస్సు గురించి విన్న ప్రసంగాలన్నీ కలిపి చేయని పని ఆ ఒక్క మాట చేసింది.

ఇక ధనాపేక్ష. కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర ఇకమీదట నువ్వు కూర్చోవాలి కాబట్టి రెండు మాటలు. మన మందిరాల్లో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయించే అలవాటు ఉంది చూశావా, కరెంటు పోయినప్పుడు తప్ప ఆ పేరు ఎవరూ చదవలేరు. చేసే ధర్మం ఎడమ చేతికి తెలియనియ్యవద్దన్న మాటను పాటించడానికి ఇదొక ఉపాయమేమో! ఇచ్చే తీరు కూడా లోపలి గుణమే. ఇంటర్ చదివే రోజుల్లో మనం బస్సెక్కి వెళ్లి చూసిన మెదక్ చర్చి గుర్తుంది కదా. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కరువు కాలంలో జనానికి ఆ కట్టడం మీద పని కల్పించి తిండి పెట్టాడని, 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారని అప్పుడు తల ఊపుతూ విన్నాం, వెంటనే శిఖరం ఎత్తు మీద పందెం వేసుకున్నాం. ఆకలితో వచ్చినవాడిని చెయ్యి చాపేవాడిగా కాక కూలి తీసుకునేవాడిగా ఇంటికి పంపాలని ఒక మనిషికి తోచింది చూడు, దయాళుత్వం అంటే నాకు ఇప్పుడు గుర్తొచ్చేది అదే. మన ఊళ్లోనే హెబ్రోను మందిరంలో, పంజాబు నుంచి వచ్చి 2000 సంవత్సరంలో ఇక్కడే కన్నుమూసిన భక్త సింగ్ గారు నెలకొల్పిన ప్రేమవిందు కూడా అలాంటిదే: ఆరాధన తరువాత ఆఫీసరూ, రిక్షావాడూ ఒకే చాప మీద కూర్చుని తినడం. చాప మీద కూర్చున్నాక పెద్దరికం ఎవరికీ ఆనదు. మీ సంఘంలో పెద్దలకు వేరే బల్ల, వేరే పళ్లేలు ఉంటే, మొదటి వారమే అక్కణ్ణుంచి లేచి రా.

రహస్య ప్రార్థన గురించి నీకు చెప్పాల్సింది లేదు. హాస్టల్లో తెల్లవారుజామున నన్ను లేపింది నువ్వే. తలుపు వేసుకునే ఆ అలవాటు పెద్దరికం వచ్చాక ముందుగా పోతుందని మాత్రం హెచ్చరిస్తున్నాను; పదిమంది ముందు ప్రార్థించే పని పెరిగేకొద్దీ, ఒంటరిగా చేసేది చేసేసినట్టే అనిపిస్తుంది.

చివరగా ఒక పని చెయ్యి. తిమోతి పత్రికలో ఆ అధ్యాయాన్ని రాత్రి భోజనాల తరువాత చెల్లెమ్మకు మెల్లగా చదివి వినిపించు. తన యింటివారిని బాగుగా ఏలువాడు అని అందులోనే ఉంది కాబట్టి ఆమె సాక్ష్యం చెల్లుతుంది. ఏ మాట దగ్గర నవ్విందో నాకు రాయి. నేను మీ వదినకు చదివినప్పుడు ‘అతిథిప్రియుడు’ దగ్గర ఊరుకుంది, ‘మితానుభవుడు’ దగ్గర దగ్గింది. ‘జగడమాడని’ అని నేను ఇంకా పూర్తిగా పలకనే లేదు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నవ్వు అక్కణ్ణుంచి వినపడింది.

ఇట్లు,
నీ అన్న