కాలువ గట్టును చూసిన డాక్టరు గారికి, మా వాడకట్టుకు కృతజ్ఞతలు

మా తమ్ముడి వైద్యానికి సాయపడిన వారి ఇళ్లకు వెళ్లి చెప్పవలసిన మాట ఇది; ఆస్పత్రుల చుట్టూ తిరగడం ఇంకా పూర్తి కాలేదు గనుక ముందుగా ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముడికి 38 ఏళ్లు, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. వేసవిలో ఒకరోజు మగ్గం మీద ఉండగా అతని కుడిచేతిలోంచి నాడె జారిపడింది. తీయబోతే వేళ్లు ముడుచుకోలేదు. ఏమైందని మా మరదలు అడిగితే మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా సర్దుకోవడంతో ఎండదెబ్బ అనుకున్నాం. మూడోసారి వచ్చాక గానీ ఆస్పత్రికి వెళ్లలేదు, ఆ ఆలస్యం పూర్తిగా మాదే.

ఎమ్మారై యాంజియోగ్రామ్‌లో మెదడు అడుగున ఉండే పెద్ద ధమనులు రెండు వైపులా బాగా సన్నబడినట్లు తేలింది. కొవ్వు పేరుకోవడమే కారణమని ఒక చోట చెప్పారు; రక్తనాళాల వాపు కావచ్చు, నెలల తరబడి స్టెరాయిడ్లు వాడవలసి రావచ్చని మరో చోట చెప్పారు. పొగతాగడం, బీపీ, షుగరు ఏవీ లేని మనిషి విషయంలో ఏ మాట నమ్మాలో తెలియక, ఫిల్ముల సంచీ పట్టుకుని హన్మకొండలోని ఒక రేడియాలజిస్టు గారి దగ్గరకు వెళ్లాం.

ఆయన మొదట అడిగిన ప్రశ్న మాకు వింతగా తోచింది: వేడి టీ ఊదుకుంటూ తాగేటప్పుడు ఎప్పుడైనా ఇలా అయిందా? రెండోసారి అలాగే అయింది. గట్టిగా ఊదితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు నాళాలు ఇంకా బిగుసుకుంటాయని చెప్పి, "అమ్మా, ఈ బొమ్మలో కాలువ ఎంత ఇరుకైందో కనబడుతుంది, గట్టు సంగతి కనబడదు. గట్టును చూద్దాం" అన్నారు. ఆయన సూచించినది ధమని గోడను చూపే ఎమ్మారై. బలమైన అయస్కాంతం ఉండే 3 టెస్లా యంత్రంలో, పారే రక్తాన్ని నల్లగా మార్చేస్తే, చుట్టూ ఉన్న పలుచని గోడ విడిగా తేలుతుంది. గాడోలినియం మందు ఎక్కించి మళ్లీ తీస్తే ఆ గోడ మెరుస్తుందో లేదో తెలుస్తుంది. మందుకు ముందు కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి క్రియాటినిన్ పరీక్ష చేయించారు.

కదలకుండా పడుకోవడమే అసలు కష్టం. తమ్ముడు గుటక వేసినందుకు మొదటి వరుస బొమ్మలు మసకబారితే, టెక్నీషియన్ విసుక్కోకుండా, "పోగు అతికేటప్పుడు ఎట్లుంటవో అట్లుండు అన్నా" అని మళ్లీ మొదలుపెట్టారు. నేతగాడికి అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

కొవ్వు పేరుకున్న చోట గోడ సాధారణంగా ఒక పక్కకే మందంగా ఉబ్బుతుందట. వాపు ఉంటే చుట్టూ మందమై గట్టిగా మెరుస్తుందట. మా వాడి బొమ్మల్లో ఆ రెండూ లేవు. గోడ మందం కాలేదు, మెరుపు దాదాపు లేదు, ధమని బయటి కొలతే కుంచించుకుపోయింది. అంటే మోయమోయ, మెదడు అడుగున ఉండే ధమనులు క్రమంగా మూసుకుపోయే జబ్బు. కొందరిలో ఈ జబ్బులోనూ గోడ కొంత మెరుస్తుందని, అందువల్ల ఈ ఒక్క బొమ్మతో తేల్చకూడదని కూడా ఆయనే హెచ్చరించి, తొడ దగ్గరి నుంచి గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ కోసం హైదరాబాద్ పంపారు. అక్కడ, మూసుకుపోతున్న ధమనులకు బదులుగా పుట్టుకొచ్చిన సన్నని నాళాల గుంపు పొగలా కనిపించింది. జపాన్ వైద్యులు సుజుకి, తకాకు 1969లో వాడిన ఈ పేరుకు వారి భాషలో అర్థం కూడా గాలిలో తేలే పొగ వంటిదే.

కణత దగ్గరి నెత్తిచర్మపు ధమనిని మెదడు మీది ధమనికి కలిపే శస్త్రచికిత్స ఎడమ వైపు పూర్తయింది. స్టెరాయిడ్ల జోలికి పోకుండా, పోగొట్టుకోకూడని నెలలు మాకు మిగిలాయంటే అది ఆ రేడియాలజిస్టు గారి చలవే. ఖర్చుల కోసం వాడకట్టంతా చేతులు కలిపింది. తన మగ్గం పని పక్కన పెట్టి మా మరదలికి తోడుగా పదకొండు రోజులు హైదరాబాద్‌లో ఉన్న పక్కింటి వదినకు ఏమిచ్చినా తక్కువే.

కుడి వైపు శస్త్రచికిత్స ఇంకా ఉంది. మొదటి శస్త్రచికిత్సప్పుడు రక్తం ఇవ్వడానికి కాజీపేట నుంచి రైలెక్కి వచ్చిన నలుగురు యువకుల్లో ఒకరు పేరు చెప్పకుండానే వెళ్లిపోయారు. ఇది చదివితే ఒకసారి కొత్తవాడకు రండి బాబూ. మా తమ్ముడు మిమ్మల్ని చూడాలని అడుగుతున్నాడు.