పులస ధరతో పాటు వల కన్ను గురించీ రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే పత్రికల్లో పులస వార్త రావడం ఖాయం. ఏ రేవులో వేలం జరిగింది, చేప ఎన్ని కిలోలు తూగింది, ఎంతకు పోయింది. అంతటితో వార్త అయిపోతుంది. ఆ చేప ఏ వలలో పడింది, ఆ వల కన్ను (దారాల మధ్య సందు) ఎంత, దాన్ని ఏ చోట ఏ వేళప్పుడు వేశారు అని అడిగేవారు లేరు. వచ్చే ఏళ్లలో గోదావరిలో పులస ఉంటుందా లేదా అన్నది తేలేది మాత్రం ఈ సంగతుల దగ్గరే.

సముద్రంలో ఇలస అని పిలిచేదీ, నదిలోకి వచ్చాక పులస అయ్యేదీ, బెంగాలీలు ఇలిష్ అనేదీ ఒకటే చేప. షాడ్ అనే చేపల కుటుంబంలోది. వరద నీరు సముద్రంలోకి దిగే జులై నుంచి సెప్టెంబరు దాకా గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లోకి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది. దీని విషయంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇది వలలో పడ్డాక బతకదు. కొర్రమీను లాంటివి గంటల తరబడి ప్రాణంతో ఉంటాయి. చిన్నదనుకుంటే తిరిగి నీళ్లలో వేయొచ్చు. పులస అలా కాదు. మొప్పల దగ్గర కన్ను బిగిసిన కొద్దిసేపటికే ఊపిరాడక చనిపోతుంది. పొలుసులు చెయ్యి తగిలితే చాలు రాలిపోతాయి, కాబట్టి ప్రాణం ఉండగా వదిలినా నిలదొక్కుకోవడం కష్టం. పిల్ల చేపనూ, జనతో (గుడ్లతో) నిండిన తల్లి చేపనూ కాపాడుకోవాలంటే వల నీళ్లలో పడకముందే జాగ్రత్త పడాలి.

ఇప్పుడు కొందరు యువకులు కయాక్‌లు అనే సన్నని తెడ్డు పడవలతో నదిలోకి వస్తున్నారు. అమెరికాలో కయాక్ మీద కూర్చుని షాడ్ పట్టే వీడియోలు చూసి, పులసనూ గాలంతో పట్టొచ్చా అని అడిగేవారున్నారు. అక్కడ డెలావేర్, కనెక్టికట్ లాంటి నదుల్లో అమెరికన్ షాడ్ వసంతకాలంలో, నీరు 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఎదురెక్కుతుంది. 2 నుంచి 7 గ్రాముల బరువున్న, డార్ట్ అనే రంగురంగుల సీసపు తల గాలాన్ని మూడు కిలోల బలం ఉన్న సన్నని దారంతో చేప ఈదే లోతుకు దింపుతారు. నదిలో ఆ చేప పెద్దగా మేత మేయదు, అయినా కళ్ల ముందు మెరిసే గాలాన్ని కొరుకుతుంది. దాని నోటి చర్మం చాలా పల్చన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. అందుకే వంగే కర్ర, వదులుగా పెట్టిన రీలు వాడతారు, చివర్లో చేతివలతో పైకి తీస్తారు.

పులస దగ్గర ఆ పద్ధతి సాగదు. సన్నని నాచును, నీటిలోని సూక్ష్మజీవులను మొప్పలతో వడగట్టుకునే చేప ఇది. గాలానికి తగలడం అరుదు. పైగా అది వచ్చేది జానెడు లోతున ఏమీ కనపడని బురద నీటిలో. మెరిసే గాలం ఎవరికి మెరుస్తుంది? వరద గోదావరిలో కయాక్‌కు లంగరు వేయడం ప్రాణాంతకం కూడా. మామూలు ప్రవాహంలోనే లంగరు తాడు ముందు కొనకో వెనక కొనకో ఉండాలి. నడుము దగ్గర కడితే పడవ అడ్డం తిరిగి, నీరు ఒక పక్క నుంచి ఎక్కి బోర్లా కొడుతుంది. వరదలో దుంగలు, గుర్రపు డెక్క గుంపులు వచ్చి ఆ తాడుకే చుట్టుకుంటాయి. తాడును ఒక్క లాగుతో విడిపించే ముడి, ఒడ్డున కాకుండా ఒంటి మీద ఉండే లైఫ్ జాకెట్ లేనివారు నీళ్లలోకి దిగకూడదు. కయాక్ సరదా ఉన్నవారు వరద తగ్గి నీరు తేరాక, నవంబరు తర్వాత రావడం మేలు.

పులస వేట వలతోనే జరుగుతుంది. పడవ, తెడ్డు, నీటితో పాటు జారే గిల్ నెట్, అంటే చేప మొప్పల దగ్గర బిగిసే వల. ఇక్కడ మొదటి మాట కన్ను కొలత. కొలిచే పద్ధతి సరిగా లేకపోతే ఎన్ని నియమాలు పెట్టినా ఉపయోగం ఉండదు. తడి వలను పొడవునా సాగదీసి, వరసగా పది కళ్లను పట్టుకుని, మొదటి కన్ను పై ముడి నుంచి పదో కన్ను కింది ముడి దాకా కొలిచి పదితో భాగించాలి. ఒక్క కన్నే కొలిస్తే ముడి బిగువును బట్టి తేడా వస్తుంది. కొన్నిచోట్ల ముడికీ ముడికీ మధ్య ఉన్న ఒక పక్క పొడవునే కన్ను అని చెబుతారు. అలా 50 మిల్లీమీటర్లు అంటే సాగదీసిన కొలతలో 100. వల కొనేటప్పుడు ఏ కొలత చెబుతున్నారో అడిగి తీరాలి.

పక్కలు నొక్కినట్టుండే ఇలస లాంటి చేప పొడవు, అది ఎక్కువగా చిక్కే కన్ను కొలతకు దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. 65 మిల్లీమీటర్ల కంటికి 26 సెంటీమీటర్ల చేప, అంటే ఇంకా ఎదగాల్సినది. 100 మిల్లీమీటర్ల కంటికి 40 సెంటీమీటర్లది. కన్ను పెద్దది చేస్తే చేపలు తక్కువ పడతాయన్న భయం ఉంటుంది. సంఖ్యలో తగ్గే మాట నిజమే. కానీ పులసకు ధర వచ్చేది బరువును బట్టి, చిన్న చేపకు ఆ ధరలో సగం కూడా పలకదు. మీ విలేకరులు వేలం దగ్గరకు వెళ్లినప్పుడు ఆ వల పది కళ్లు కొలిచి రాస్తే, నది ఒడ్డున ఉన్న ప్రతి రేవులోనూ ఆ మాట చర్చకు వస్తుంది.

కన్ను పెద్దదైతే సరిపోదు, వల కట్టడంలోనూ తేడా ఉంది. సాగదీస్తే వంద మీటర్లున్న వలను యాభై మీటర్ల పైతాడుకు ఎక్కించడం మంచి కొలత. అప్పుడు కళ్లు నిలువుగా తెరుచుకుంటాయి, చేప మొప్పల దగ్గరే పడుతుంది. నలభై మీటర్ల తాడుకే కుదిస్తే వల ముడతలు పడి, దారిన పోయే పిల్ల చేపలన్నిటినీ చుట్టేస్తుంది. పెద్ద కన్ను వాడిన లాభం అక్కడే పోతుంది. లోతు కూడా లెక్క ప్రకారమే ఉండాలి. 100 మిల్లీమీటర్ల కన్ను, అరవై కళ్ల లోతు ఉంటే సాగదీసినప్పుడు ఆరు మీటర్లు. సగానికి కుదించి ఎక్కించాక నీళ్లలో వేలాడేది అయిదు మీటర్ల చిల్లర. పాయ లోతు అంతకంటే తక్కువైతే వల కింద కట్టిన సీసపు గుళ్లు అడుగున ఈడ్చుకుపోయి, పాత మొద్దులకు పట్టుకుని వల చినుగుతుంది.

జారే వలకు ఉన్న సూత్రం ఒక్కటే. వల, పడవ రెండూ ఒకే నీటితో కదలాలి. గాలి పడవను వెనక్కి పట్టినా, తెడ్డుతో ఆపినా వల విల్లులా వంగి కళ్లు మూసుకుపోతాయి. పాయ మధ్యలో నీటి వేగం ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా వేసిన వల కాసేపటికే అలా వంగుతుంది. దానికన్నా ఒకే వేగం ఉన్న భాగంలో పొట్టి వల వేసి, అరగంట ముప్పావుగంటకోసారి ఎత్తడం మంచిది. ఎక్కువసేపు ఉంచితే చిక్కిన చేప వెచ్చని నీటిలో మెత్తబడి రుచి చెడుతుంది. యానాం వైపు పాయల్లో పోటు (సముద్రపు నీరు ఎక్కడం), పాటు (అది దిగడం) చూసుకోవాలి. పోటుతో పాటే చేప పైకి వస్తుంది. పోటు నిలిచి పాటు మొదలయ్యే మధ్య కాసేపు నీరు కదలదు, అప్పుడు వల కుప్ప పడుతుంది. వలను పడవకు గట్టి ముడి వేసి కట్టకూడదు. దుంగ తగిలితే వెంటనే జారవిడిచేలా ఉండాలి, కత్తి చేతికి అందేచోట ఉండాలి. ఎత్తేటప్పుడు పడవ కొన నుంచే లాగాలి. తెగిపోయిన నైలాన్ వల నదిలో కుళ్లదు, ఎవరూ ఎత్తకపోయినా చేపల్ని చంపుతూనే ఉంటుంది. అందుకే వలను తేల్చే బెండ్లను నూలు దారంతో కట్టడం మంచి అలవాటు. కొన్నాళ్లకు ఆ దారం చీకి బెండ్లు ఊడిపోతాయి, వల కూలబడుతుంది.

ఇక చోటు. ఎదురెక్కే చేపకు ధవళేశ్వరం ఆనకట్ట పెద్ద అడ్డు. 175 తలుపులున్న ఆ బ్యారేజీలో తలుపులు కొద్దిగా మాత్రమే ఎత్తితే అడుగు నుంచి నీరు బాణంలా దూసుకొస్తుంది, దానికి ఎదురు ఈదడం ఏ షాడ్‌కూ సాధ్యం కాదు. పెద్ద వరదకు పూర్తిగా ఎత్తినప్పుడే దారి దొరుకుతుంది. మిగతా రోజుల్లో చేప ఆనకట్ట దిగువన గుమిగూడుతుంది. అక్కడ వల వేయడం అంటే గుడ్లు పెట్టబోయే తల్లుల్ని మూకుమ్మడిగా తీసేయడమే. ఆనకట్ట దిగువన కనీసం ఒక కిలోమీటరు వలలు లేని చోటుగా ప్రకటించాలని మా అభిప్రాయం. తలుపుల్ని పక్కపక్కన కొన్నింటినైనా పూర్తిగా ఎత్తే వీలుందా అన్నది నీటిపారుదల ఇంజనీర్లు చూడాలి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పైభాగంలో ఇలిష్ దాదాపు కనుమరుగైన సంగతి మన ముందే ఉంది.

మనకు సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది. పులస నదిలోకి వచ్చేసరికి అది ముగిసిపోతుంది. పశ్చిమ బెంగాల్ 23 సెంటీమీటర్ల లోపు ఇలిష్‌ను పట్టడం, అమ్మడం నిషేధించింది, 90 మిల్లీమీటర్ల లోపు కన్నును వద్దంది. బంగ్లాదేశ్ ఆశ్వయుజ పౌర్ణమి ప్రాంతంలో 22 రోజులు వేట పూర్తిగా ఆపుతుంది. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని ముట్టనివ్వదు. ఆపిన రోజులకు జాలర్ల కుటుంబాలకు బియ్యం ఇస్తుంది. ఆ చివరి మాట లేకుండా మొదటి రెండూ అమలు కావు, పూట గడవనివారికి నిషేధం ఒక్కటే ఇస్తే రాత్రిపూట వల పడుతుంది. సముద్ర వేట ఆగినప్పుడు ఇచ్చే భృతిలాంటిదే నదిలో వేటాడేవారికీ ఇవ్వాలి.

పిల్లల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వరద తీశాక వేలెడు, బెత్తెడు సైజులో సముద్రం వైపు దిగుతాయి. పాయలకు అడ్డంగా కట్టే సంచీ వలల్లో, దోమతెర గుడ్డతో కుట్టిన వలల్లో మిగతా చిల్లర చేపతో కలిసి ఇవీ పోతాయి. కుప్పగా అమ్మే ఆ చేపలో పులస పిల్ల ఉందని కొనేవారికీ తెలియదు. పొట్ట అంచు తడిమితే రంపపు పళ్లలా గరుకుగా తగులుతుంది, పై దవడ మధ్యలో చిన్న గాడి కనిపిస్తుంది. ఈ రెండు గుర్తులు బడిపిల్లలకు నేర్పినా చాలు.

చివరగా, ఖర్చు లేని పని ఒకటుంది. వలలో పడి చనిపోతున్న చేపలో జన పక్వానికి వచ్చి ఉంటే పడవ మీదే దాన్ని నదికి తిరిగి ఇవ్వొచ్చు. పొట్ట మీద వేలితో మెల్లగా నిమిరితే గుడ్లు వాటంతట అవే జారాలి. నొక్కితే తప్ప రాకపోతే పక్వం కాలేదు, వదిలేయాలి. తడి తుడిచిన ప్లాస్టిక్ పళ్లెంలో ఆ గుడ్లు పట్టి, మగ చేప పాలు (వీర్యం) వాటి మీద పిండి, పక్షి ఈకతో రెండు మూడు నిమిషాలు కలపాలి. ఆ తర్వాతే కొద్దికొద్దిగా నది నీరు పోసి, రెండు మూడుసార్లు మార్చి, ప్రవాహం ఉన్నచోట వదలాలి. చాలామంది చెడగొట్టేది మొదటి దశలోనే. పళ్లెంలో ముందే నీటి చుక్క ఉంటే పాలలోని కణాలు గుడ్డును చేరకముందే సత్తువ కోల్పోతాయి. ఎండ తగిలినా అంతే, కాబట్టి పళ్లెం మీద గుడ్డ నీడ ఉండాలి. వెచ్చని నీటిలో గుడ్డు ఒక రోజులో పొదుగుతుంది. ఈ పద్ధతి తెలిసిన మత్స్యశాఖ సిబ్బంది జూన్ నెలలోనే రేవులకు వచ్చి, పళ్లెం, ఈక చేతికిచ్చి చేయించి చూపితే, ఈ వరదకే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
గోదావరి పాయల వెంట వేట తెలిసిన కొందరు పాఠకులు