క్రీడాభిరామం డాక్యుమెంటరీ ఎక్కడ చూడాలి?

సంపాదకుడి గారికి,

'క్రీడాభిరామం' అనే పాత తెలుగు నాటకాన్ని ఎవరు రాశారన్న వివాదంపై డాక్యుమెంటరీ తీసి హైదరాబాద్‌లో ప్రదర్శించారని 10 రోజుల కిందట మీ పత్రికలో వార్త వచ్చింది. కత్తిరించి దాచుకున్నాను. జ్యోతి ఎవరు వెలిగించారో, శాలువాలు ఎవరికి కప్పారో అంతా రాశారు. మళ్లీ ఎక్కడ చూడొచ్చో మాత్రం ఒక్క ముక్క లేదు.

తీసినవాళ్ల ఆఫీసుకు 4 సార్లు ఫోన్ చేశాను. ఒకసారి వేరే సెక్షన్ అన్నారు, ఒకసారి సార్ సెలవులో ఉన్నారన్నారు. చివరికి "వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకోండి" అని పెట్టేశారు. మా మనవరాలు గంటసేపు వెతికితే సభ ఫొటోలే దొరికాయి.

నేను హనుమకొండలో 30 ఏళ్లు తెలుగు చెప్పాను. గ్రంథంలో వినుకొండ వల్లభరాయుడి పేరే ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు మాత్రం ఇది శ్రీనాథుడి రచనే అని వాదించారు. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. రెండు వాదాలూ చెప్పి మీరేమంటారని అడిగితే క్లాసు రెండు జట్లయ్యేది. అందులో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు, అంటే ఒక పాతకాలపు నాణేనికి, దొరికే భోజనం పద్యం ఉంది కదా: కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు. అది చదువుతుంటే వెనక బెంచీలో టిఫిన్ డబ్బాల మూతలు తెరుచుకున్న చప్పుడు వినిపించేది. ఆ నోరూరించే పద్యం శ్రీనాథుడిదా, వల్లభరాయుడిదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అందుకే ఆ సినిమా కోసం ఇంత తాపత్రయం.

క్రీడాభిరామంలోని స్నేహితులు మంచనశర్మ, టిట్టిభసెట్టి తిరిగింది మా ఓరుగల్లు వీధుల్లోనే. ఆ ఊరివాళ్లకే చూసే దారి లేకపోతే ఎలా? సాహిత్యం మీద తీసినవన్నీ ఇంతే. ఒక్క సాయంత్రం వేస్తారు, తర్వాత బీరువాలో పెడతారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఏటా కడుతూనే ఉన్నాం. మా గ్రంథాలయంలో ప్రొజెక్టర్ ఉంది. దాని మీద కవర్ తీయగా నేనెప్పుడూ చూడలేదు. అడిగితే పైనుంచి ఆర్డర్ రావాలంటారు. కొత్త పుస్తకం అడిగినా అదే మాట.

తీసినవాళ్లు దాన్ని యూట్యూబ్‌లో పెట్టాలి. అది కుదరకపోతే జిల్లా గ్రంథాలయాలకు తలా ఒక కాపీ పంపి, ఏ రోజు వేస్తారో మీ పత్రికలో ముందుగా ప్రకటించాలి. నా పాత విద్యార్థులు ఇప్పటికే 20 మంది దాకా అడిగారు. కుర్చీలు చాలకపోతే నేను తెప్పిస్తాను.

— ఒక విశ్రాంత తెలుగు పండిట్, హనుమకొండ