రూపాయి బిళ్లంత బ్యాడ్జీకి ఇంత రచ్చా?

ఎడిటర్ గారికి నమస్తే,

మా నాయన గుంతకల్లులో గ్యాంగ్‌మన్‌గా చేసినాడు, 1974 మేలో జార్జి ఫెర్నాండెజ్ నడిపిన రైల్వే సమ్మెలో పెట్టుకున్న బ్యాడ్జీ ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది, పిన్ను విరిగితే అమ్మ దారంతో కట్టింది.

మొన్న ఒక స్టేషన్‌లో టికెట్లు చూసే పిల్లోడిని ఆఫీసరు అందరి ముందరే యూనియన్ బ్యాడ్జీ తీసెయ్ అన్నాడు, పాపం వాడు చేతులు వణుకుతా పీకి జేబులో వేసుకున్నాడు. నల్లకోటు, నేమ్‌ప్లేటు ఉండాల్సిందే, ప్యాసింజర్లు ఎవరిని అడగాలో తెలియాలి కదా, నేను కాదనను. కానీ ఏ యూనియన్‌ని గుర్తించాలో 2024 డిసెంబర్‌లో రైల్వేనే సీక్రెట్ బ్యాలెట్ పెట్టి స్టాఫ్‌తో ఓట్లేయించిందే, మరి ఆ గుర్తు కోటు మీద కనబడితే తప్పేముంది? రూలుంటే కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించండి, ప్లాట్‌ఫారం మీద అరుపులెందుకు సామీ.

ఒక ప్యాసింజర్, అనంతపురం