సాలెపురుగు కన్ను తిప్పిందిరా!

ఒరేయ్ కళ్లజోడూ,

ఆలస్యానికి ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, ఆఫీసు గోల మామూలే, మోకాలు నొప్పి తగ్గింది, నువ్వడిగిన కాగితాలు ఈ వారం వెతికి పంపిస్తా. అయిపోయాయి కబుర్లు. ఇప్పుడు అసలు సంగతి విను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బుల్లి పురుగుల్ని మరీ దగ్గర్నుంచి తీసే మాక్రో ఫొటోల పిచ్చి పట్టిందని చెబితే "అదీ టెలిస్కోపు పక్కన అటక ఎక్కుతుందిలే" అన్నావు చూడు, ఎక్కలేదు. (మన శనిగ్రహం సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకు, ఒట్టు వేశావు.) ఇప్పుడు నా గురి అంతా జంపింగ్ స్పైడర్ మీద. గోడల మీద గెంతుతూ తిరుగుతుందే, వల కట్టకుండా, పిల్లిలా నక్కి నక్కి వెళ్లి పురుగు మీదకి దూకుతుందే, ఆ బుల్లి సాలెపురుగు. ముఖం మీద వరసగా నాలుగు కళ్లు, వాటిలో మధ్య రెండూ మరీ పెద్దవి, మిగతా నాలుగు తలకి పైనా పక్కలా. మొత్తం ఎనిమిది, నీకు డబుల్.

దీన్ని ఫొటో తియ్యడంలో చిక్కేమిటంటే, పురుగు ఎంతుందో కెమెరా లోపలి సెన్సర్ మీద బొమ్మా అంతే పడేంత దగ్గరికి, అంటే 1:1కి వెళ్లాక, ఎఫ్/8 పెట్టి లెన్సు కంతని (అపర్చర్‌ని) కొంత మూసినా ఫోకస్‌లో ఉండేది అటూ ఇటూ కలిపి 1 మిల్లీమీటరు మేర. కళ్లు పదునుగా వస్తే వెనక కాళ్లు మబ్బు మబ్బుగా పోతాయి. అపర్చర్ ఇంకా మూసేస్తే సరి కదా అంటావు, నాకు తెలుసు నువ్వు అదే అంటావు. ఎఫ్/22 పెట్టినా అంత దగ్గర్లో అది దాదాపు ఎఫ్/44 లాగా పనిచేస్తుందిరా, అంత సన్నటి కంతలోంచి వచ్చే వెలుతురు చెదిరిపోయి, అంతా ఫోకస్‌లో ఉన్నట్టే ఉంటుంది గానీ ఏ ఒక్క వెంట్రుకా పదునుగా ఉండదు. అందుకే ఫోకస్ స్టాకింగ్. కెమెరాని ముందుకీ వెనక్కీ జరిగే చిన్న పట్టా మీద బిగించి, మర తిప్పుతూ, ముందున్న మీసపు వెంట్రుక దగ్గర మొదలుపెట్టి వెనక్కి, ఒక ఫ్రేములో పదునుగా ఉన్న చోటు తర్వాతి ఫ్రేములోకి కొంచెం వచ్చేలా, వరసగా తీసుకుంటూ పోవడమే. వెలుతురు (ఎక్స్‌పోజర్), రంగు (వైట్ బ్యాలెన్స్) ఫ్రేముకీ ఫ్రేముకీ మారకుండా మాన్యువల్‌లో పెట్టెయ్యాలి. తర్వాత సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేములోంచి పదునైన ముక్కే ఏరి కలుపుతుంది. నేను జెరీన్ స్టాకర్ వాడుతున్నా. అందులో పీమ్యాక్స్ అనే పద్ధతి ఒకదానిమీద ఒకటి పడ్డ వెంట్రుకల్ని బాగా విడదీస్తుంది గానీ బొమ్మ మీద ఇసక చల్లినట్టు గరగర పెంచుతుంది, డీమ్యాప్ రంగుల్ని నున్నగా ఉంచుతుంది గానీ వెంట్రుకల చుట్టూ మసక వలయాలు వదులుతుంది. రెండూ చేసుకుని సాఫ్ట్‌వేర్‌లోని బ్రష్‌తో అతకడమే నా మట్టుకు నాకు నచ్చింది.

బతికున్న పురుగుతో ఇదంతా ఎలా అంటావా? తెల్లవారుజామున, చలికి అది ఇంకా బద్ధకంగా ఉన్నప్పుడు. ఆ రోజు ఆకు మీద కూర్చుని కాలు కూడా కదపలేదు మహాతల్లి. గాలి లేదు. నేను ఊపిరి బిగబట్టి మర తిప్పడం, క్లిక్, తిప్పడం, క్లిక్. స్టాక్ చేసి చూస్తే ఒళ్లు పులకరించింది, ముఖం మీద ప్రతి నూగూ లెక్కపెట్టొచ్చు. కానీ మధ్య పెద్ద కళ్లు! సగం నలుపు, సగం గోధుమరంగు, మచ్చలు మచ్చలుగా, మురికి పట్టిన గోళీల్లా. సాఫ్ట్‌వేర్‌ని నోటికొచ్చినట్టు తిట్టి, ఫ్రేములన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశా. ఒకదాంట్లో కన్ను కారునలుపు. తర్వాతి దాంట్లో ఒక పక్క లేత గోధుమరంగు. ఆ తర్వాత మళ్లీ నలుపు. తల మాత్రం ఇసుమంత కదల్లేదు!

ఎందుకో తెలుసుకున్నాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను రా. ఆ పెద్ద కళ్లకి ముందున్న లెన్సు పెంకుకి అతుక్కుని ఉంటుంది, కదలదు. దాని వెనక పొడుగ్గా ఒక గొట్టం, గొట్టం చివర బుల్లి రెటీనా, అంటే బొమ్మ పడే తెర. కండరాలతో ఆ గొట్టాన్ని లోపలే తిప్పుకుని చూస్తుందట. గొట్టం మనవైపు తిరిగితే నల్లగా కనిపిస్తుంది, పక్కకి తిరిగితే లోపలి గోడ గోధుమరంగులో కనిపిస్తుంది. అంటే నల్లగా ఉన్న ఫ్రేములన్నిటిలో అది సూటిగా నా వైపే చూస్తోంది! నేను దాన్ని ఫోకస్ చేస్తుంటే అది నన్ను చేస్తోందన్నమాట.

ఇంకా ఉంది, ఆగు. ఆ రెటీనా నాలుగు పొరలు. ఒక పొర మీద ఆకుపచ్చ వెలుతురు పదునుగా పడితే, దాని పక్క పొర మీద అదే మసగ్గా పడుతుంది. ఆ మసక ఎంతుందో చూసి దూరం అంచనా వేసి దూకుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2012లో సైన్స్ పత్రికలో రాశారు. ఆకుపచ్చ వెలుతురులో సరిగ్గా వేట మీద పడ్డ సాలెపురుగులు, ఎర్ర వెలుతురులో మాత్రం ఆ మసక లెక్క తప్పి ఇవతలే పడ్డాయట. నేను పోగొట్టుకోవడానికి చస్తున్న మసకతోనే దాని బతుకు తెరువు!

అప్పట్నుంచి ఒక దిగులు పట్టుకుంది. అది అటు చూసిన క్షణం, ఇటు చూసిన క్షణం అన్నీ కలిపి ఒక్క ముఖం చేస్తే, ఆ ముఖం నిజంగా ఎప్పుడు... ఏమోరా, నువ్వొచ్చాక మాట్లాడదాం. ప్రస్తుతానికి కళ్ల వరకు నల్లగా ఉన్న ఫ్రేము ఒక్కటే తీసుకుని పైన అతికా. విడి ఫ్రేముల్ని గబగబా తిప్పితే కన్ను లోపల ఏదో పాకుతున్నట్టుంటుంది, అదే నాకు స్టాక్ కంటే ముద్దొస్తోంది. రెండూ పంపుతున్నా, విడివే ముందు చూడు.

ఫ్లాష్ ముందు పెట్టిన, వెలుతుర్ని మెత్తబరిచే డిఫ్యూజర్ గురించి కూడా రాద్దామనుకున్నా, అది లేకపోతే ఆ గుండ్రటి కళ్లలో ఫ్లాష్ చుక్క తెల్లగా... కింద బండి స్టార్ట్ చేసేశారు, పిలుస్తున్నారు. ఉంటా!